నాకు బాగానే ఉందనుకున్నాను

ఊపిరాడలేదా అని అందరూ అడుగుతారు. ఆడింది. హాయిగా ఆడింది. ఈ సంగతి ఎక్కడ చెప్పినా ముందుగా ఈ మాటే చెప్పవలసి వస్తుంది. నీళ్ళలో మునిగినప్పుడో, గొంతుకు ఏదైనా అడ్డం పడినప్పుడో కలిగే గిలగిల ఇందులో ఉండదు. ఊపిరి కోసం మనల్ని తహతహలాడించేది ప్రధానంగా ఒంట్లో పేరుకునే బొగ్గుపులుసు వాయువు. పైన పలచటి గాలిలో ఆ వాయువు ఎప్పటిలాగే బయటికి పోతూ ఉంటుంది కాబట్టి గుండెల్లో బరువు తెలియదు. లోపలికి వచ్చే ఆక్సిజన్ మాత్రం చాలదు. చాలకపోతే ముందు దెబ్బతినేది మెదడు, అందులోనూ మంచీచెడూ బేరీజు వేసుకునే తెలివి. మనకేదో అయిందని కనిపెట్టాల్సిన తెలివే ముందు జారిపోతుంది.

1990ల చివరి మాట. అప్పట్లో నేను హైదరాబాదు నుంచి ఏరియల్ సర్వే విమానం నడిపేవాణ్ణి. రెండు ఇంజిన్ల చిన్న విమానం. నేలలో ఒక కంత, దాని మీద పెద్ద ఫిల్ము కెమెరా, దాని వెనక కెమెరా చూసుకునే కుర్రాడు, ముందు నేను. పక్క సీటు ఆ రోజు ఖాళీ. పెద్ద జెట్ విమానాల్లో ఎంత పైకి వెళ్ళినా లోపలి గాలిని ఇంచుమించు 8,000 అడుగుల ఎత్తున ఉండే గాలికి సమానంగా నిలుపుతారు. మా విమానానికి ఆ ఏర్పాటు లేదు. బయట ఎంత గాలో లోపలా అంతే. 18,000 అడుగులకు వెళ్ళేసరికి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో సగమే మిగులుతుంది. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే, కానీ దాన్ని ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి నెట్టే ఒత్తిడి ఉండదు. అందుకే సిలిండరు, పైపులు, ముఖానికి మాస్కులు.

మేం ఫొటోలు తీసే ఎత్తు 22,000 అడుగులు. ఆ ఎత్తున ఆక్సిజన్ తెగిపోతే మనిషి తెలివిగా పని చేయగలిగేది అయిదు నుంచి పది నిమిషాలు. 25,000 అడుగుల దగ్గర మూడు నుంచి అయిదు. జెట్లు ఎగిరే 35,000 అడుగుల దగ్గర అర నిమిషం, మహా అయితే నిమిషం. స్పృహ తప్పడానికి పట్టే సమయం కాదిది. కళ్ళు తెరిచే ఉంటాయి, చేతులు ఆడుతూనే ఉంటాయి, పనికొచ్చే పని మాత్రం చేయలేం. ఈ లెక్కలన్నీ నాకు కంఠతా వచ్చు. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా.

నవంబరు నెల. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని పొద్దున్నే వాతావరణం వాళ్ళు చెప్పారు. కోస్తా అంతా మబ్బు, పడమటి వైపు మాత్రం ఆకాశం కడిగినట్టుంది. శ్రీశైలం జలాశయం నుంచి తూర్పున వినుకొండ దిక్కుగా మా గీతలు. ఏరియల్ సర్వే అంటే నాగటి సాళ్ళ లాంటి పని. ఒక గీత వెంట తిన్నగా వెళ్ళాలి, చివర తిరగాలి, పక్క గీత పట్టుకుని వెనక్కి రావాలి. ఒక ఫొటోలో ఉన్న నేల అరవై శాతం తర్వాతి ఫొటోలోనూ పడాలి, అప్పుడే పటం గీసేవాళ్ళకు ఎత్తుపల్లాలు తెలుస్తాయి. దిక్కు రవ్వంత తప్పినా ఆ గీత మొత్తం మళ్ళీ తీయాల్సిందే. నా తొడ మీద పట్టీతో కట్టుకున్న చిన్న అట్ట ఉండేది. ప్రతి గీత మొదట్లోనూ చివరా దాని నంబరు, టైము అందులో రాసేవాణ్ణి.

మధ్యాహ్నానికి కొంచెం ముందు తూర్పుకు వెళ్ళే ఒక గీత మీద ఉన్నాం. నల్లమల కింద నుంచి వెనక్కి జరిగిపోతోంది. మెడ వెనక వెచ్చగా అనిపించింది. బయట సున్నాకు ఎంతో దిగువన చలి, మా హీటరు అంతంతమాత్రం. అయినా వెచ్చగా ఉంది, బాగుంది. పొద్దుటి నుంచి ఉన్న అలసట తీరిపోయినట్టుంది. పని ఇంత బాగా ఎప్పుడూ సాగలేదనిపించింది. పెదవులు కొంచెం తిమ్మిరెక్కాయి, పట్టించుకోలేదు. ఎదుట ఉన్న గడియారాల్లో మధ్యవి కనిపిస్తున్నాయి, పక్కవి మసకబారాయి. దానికీ నా దగ్గర సమాధానం ఉంది: ఎండ పడుతోంది కాబట్టి.

"సార్, గీత అయిపోయింది" అన్నాడు హెడ్‌ఫోనులో కుర్రాడు.

"ఇంకా ఉంది" అన్నాను.

ఇంకా ఉందని ఎందుకన్నానో నాకు తెలియదు. విమానం ఆటోపైలట్ మీద తూర్పుకు పోతూనే ఉంది. చివర తిరగాల్సిన చోటు ఎప్పుడో దాటేశాం. అతను మళ్ళీ పిలిచాడు. నాకు కోపం వచ్చింది. చాలా కోపం. నా కంటే పదేళ్ళు చిన్నవాడు, విమానం నడపడం రానివాడు, నాకు గీతలు నేర్పుతాడా అని. "నీ కెమెరా నువ్వు చూసుకోవయ్యా" అన్నాను. అన్నానని తర్వాత అతను చెప్పాడు. నాకు గుర్తున్నది కోపం ఒక్కటే, మాట గుర్తులేదు.

అతను తన మాస్కు పైపు సాగినంత మేర సాగదీసుకుని, మోకాళ్ళ మీద సీట్ల మధ్యకు వచ్చాడు. నా పైపు మోకాలి పక్కన వేలాడుతోంది. గోడకు ఉన్న బిగింపులోంచి ఊడిపోయింది. మాస్కు మాత్రం ముఖానికి గట్టిగానే ఉంది, అందులోంచి నేను పీలుస్తున్నది ఆ పలచటి బయటి గాలి. "సార్, మీ పైపు ఊడింది. గోళ్ళు చూసుకోండి సార్" అన్నాడు. చూసుకున్నాను. నీలంగా ఉన్నాయి. నేరేడు పండు తిన్నవాడి నాలుక రంగు. చూశాను, ఆ రంగుకు అర్థం మాత్రం తట్టలేదు. నాకు బాగానే ఉందన్నాను.

అతను నన్ను అడగడం మానేశాడు. నా చేయి పక్కకు తోసి, పైపు తెచ్చి బిగింపులో గుచ్చి, మీట పూర్తిగా తిప్పాడు.

అర నిమిషం లోపే లోకం తిరిగొచ్చింది. మొదట వచ్చింది వెలుతురు. ఎదుట ఉన్న గడియారాలన్నీ ఒక్కసారి దీపం పెద్దది చేసినట్టు వెలిగాయి, అంతసేపూ చీకట్లో కూర్చున్నానని అప్పుడు తెలిసింది. తర్వాత రంగులు, ఇంజిన్ల హోరు. అన్నిటికంటే చివర భయం. భయం వేసిందంటే తెలివి వచ్చినట్టే. తొడ మీద అట్ట చూసుకున్నాను. పైన గీతల నంబర్లు ముత్యాల్లా ఉన్నాయి. కిందికి వచ్చేసరికి అంకెలు పెద్దవయ్యాయి, ఒక అంకె మీద అదే అంకె మళ్ళీ మళ్ళీ దిద్ది ఉంది, చివరి వరుస కాగితం అంచు దాకా జారి పెన్సిలు గీతగా మిగిలింది. అది రాస్తున్నప్పుడు నా మనసులో అది చక్కటి చేతిరాత.

బిగింపు నిలవడం లేదు. వదిలితే ఊడిపోతోంది. అతను దాన్ని చేత్తో నొక్కి పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. ఇక చేయగలిగింది ఒకటే, 10,000 అడుగుల కిందికి వీలైనంత త్వరగా దిగడం. కానీ తూర్పుకు పాతిక కిలోమీటర్లకు పైగా తప్పిపోయాం. కింద నేల లేదు, సముద్రం నుంచి వచ్చిన మబ్బు పొరలు పొరలుగా పరుచుకుని ఉంది. పడమటికి తిప్పుతూ, ఎడమ రెక్క దించి, తిరుగుతూనే దిగడం మొదలుపెట్టాను. 14,000 అడుగుల దగ్గర మబ్బులోకి వెళ్ళాం.

ఆ రోజు రెండో గండం అక్కడ మొదలైంది. మొదటిదాంట్లో నేను బాధపడలేదు, ఇందులో పడ్డాను.

మనకు ఒళ్ళు నిటారుగా ఉందో వాలి ఉందో చెప్పేది కళ్ళు, కీళ్ళు, లోపలి చెవి. చెవిలో మూడు సన్నటి అర్ధవలయాకారపు నాళాలు, వాటిల్లో ద్రవం. తల తిరిగితే ద్రవం వెనకబడుతుంది, ఆ వెనకబాటును బట్టి మెదడు తిరుగుతున్నామని గ్రహిస్తుంది. నేల మీద నడిచే మనిషికి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. విమానంలో ఒకే మలుపు ఇరవై సెకన్లకు పైన సాగితే ద్రవం నాళంతో సమంగా తిరగడం మొదలుపెడుతుంది. ఇక తిరుగుతున్నామన్న స్పృహ పోతుంది. మలుపు ఆపి రెక్కలు సమం చేయగానే ఆ ద్రవం ముందుకు పోతూనే ఉంటుంది, మెదడు రెండో దిక్కుకు తిరుగుతున్నామని కేక పెడుతుంది. బయట నేలో దిక్చక్రమో కనిపిస్తే కళ్ళు ఆ కేకను అణచేస్తాయి. మబ్బులో కళ్ళకు తెలుపు తప్ప ఏమీ లేదు.

పడమటి దిక్కు రాగానే రెక్కలు సమం చేశాను. వెంటనే ఒళ్ళంతా కుడివైపుకు గిరగిరా తిరుగుతున్న భావన. ఎదుట కృత్రిమ దిక్చక్రంలో చిన్న విమానం బొమ్మ గీతకు సమంగా ఉంది. నా ఒళ్ళు మాత్రం కుడికి ఒరిగిపోతున్నాం, ఎడమకు తిప్పు, తిప్పు అని గొడవ. ఎడమకు తిప్పితే ఒంటికి హాయి. అదే ప్రాణాంతకం. అలా తిప్పినవాడు మళ్ళీ ఎడమకు వాలిపోతాడు, ఎత్తు పోతుంటుంది, పైకి లాగుతాడు, వాలి ఉన్నప్పుడు లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది, అలా సుడులు తిరుగుతూ నేలకు చేరతాడు. 1954లో అమెరికాలో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరికరాలు చూసి నడిపే శిక్షణ లేని ఇరవై మంది పైలట్లను మబ్బులో ఉన్నట్టు చేసి పరీక్షించారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు.

నాకు ఆ శిక్షణ ఉంది. ఉన్నా నరకం చూశాను. ఇంధనం టాంకు మార్చే మీట మా విమానంలో కింద, సీట్ల మధ్య ఉంటుంది. దాని కోసం తల వంచగానే అంతా తలకిందులైంది. ఒక నాళంలో ద్రవం ఇంకా తిరుగుతుండగా తల మరో దిక్కుకు వంచితే ఇలాగే అవుతుంది, బొక్కబోర్లా దొర్లుతున్నట్టుంటుంది. కడుపులోది గొంతులోకి వచ్చింది. మాస్కులో వాంతి అయితే ఏమవుతుందో తెలుసు కాబట్టి పళ్ళు బిగించాను. తల తిప్పకుండా, చూపు ఆ చిన్న బొమ్మ మీద నుంచి కదల్చకుండా కుర్రాణ్ణి అడిగాను.

"ఆ బొమ్మ రెక్కలు గీతకు సమంగా ఉన్నాయా?"

"సమంగానే ఉన్నాయి సార్."

"నిజంగా?"

"నిజం సార్. పదమూడు వేలు."

నేను నన్ను నమ్మే స్థితిలో లేను. కాసేపటి కిందట నా చేతిరాతనే నేను నమ్మి మోసపోయాను. పరికరం ఒకటి అబద్ధం చెప్పవచ్చు గనక మలుపు సూచించే గడియారం, దిక్సూచి, వేగం చూశాను. అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. ఒళ్ళు ఒక్కటే వేరే మాట మీద ఉంది. కుర్రాడు ఎవరూ చెప్పకుండానే ఎత్తు చదవడం మొదలుపెట్టాడు. "పన్నెండున్నర. పన్నెండు. సమంగా ఉంది సార్. పదకొండున్నర." బిగింపును నొక్కి పట్టిన వేళ్ళు తెల్లబడ్డాయి, గొంతు మాత్రం వణకలేదు. నేను మోచేతిని తలుపు అంచుకు ఆనించి, చేయి తనంతట తాను ఎడమకు పోకుండా ఆపుకున్నాను. నల్లమల కొండలు మూడు వేల అడుగుల దాకా ఉంటాయి, కింద వాటి కోసం కూడా లెక్క వేసుకోవాలి. 10,000 దగ్గర ఆపి, పడమటికే పోయి, మబ్బు చిరుగుల్లోంచి కృష్ణ కనిపించిన క్షణంలో ఆ తిరుగుడు ఎవరో మీట నొక్కి ఆపినట్టు ఆగిపోయింది. కంటికి నేల దొరికితే చెవి నోరు మూసుకుంటుంది.

బేగంపేటలో దిగాం. నడవగలిగాను కానీ రెండు రోజులు తల బరువుగా ఉంది.

ఆ బిగింపు అరిగిపోయిందని మెకానిక్ అంతకు ముందే పుస్తకంలో రాశాడు. కొత్తది తెప్పిస్తాం, ఈలోగా నడపండి అన్నారు పైవాళ్ళు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆ బిగింపు ధర మా సర్వేలో ఒక్క గీతకు అయ్యే ఫిల్ము ఖర్చు కూడా కాదు. ఇది ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

తర్వాత బెంగళూరులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో గాలి పీల్చేసే గదిలో కూర్చునే అవకాశం వచ్చింది. ఉక్కు గది, బెంచీల మీద మనుషులు, కిటికీ అవతల డాక్టరు. లోపల గాలిని తోడేస్తూ పైకి ఎక్కిన పరిస్థితి కల్పిస్తారు. మాస్కు తీసి నూరులోంచి ఏడు చొప్పున తీసేస్తూ రాయమంటారు. ఎదురు బెంచీ మీద ఉన్నవాడు నవ్వుతూ కూర్చున్నాడు, ఇంకొకతనికి చేతులు వణికాయి. నాకు మెడ వెనక వెచ్చదనం, పెదవుల తిమ్మిరి వచ్చాయి. వెంటనే మాస్కు పెట్టుకున్నాను. లక్షణాలు ఎవరివి వారివే, ఒకే మనిషికి మాత్రం దాదాపు ప్రతిసారీ అవే వస్తాయి. తన గుర్తు ఏదో ఒక్కసారి నేల మీద తెలిసిన పైలట్ పైన బతుకుతాడు. పుస్తకంలో చదివితే తెలిసేది కాదది. ఈ అవకాశం నాకు నల్లమల మీదికి వెళ్ళక ముందు రాలేదు.

ఇలాంటి గండం వచ్చిన మిగతావాళ్ళకు ఏమైందో తర్వాత వెతికి చదివాను. 1875లో ఫ్రాన్సులో ముగ్గురు జెనిత్ అనే బెలూన్‌లో ఎనిమిది వేల మీటర్లు దాటారు. ఆక్సిజన్ సంచులు చేతికి అందేటంత దూరంలోనే ఉన్నాయి. సివెల్, క్రోచె-స్పినెల్లి చనిపోయారు. బతికిన టిస్సాండియె ఆ పైన బాధ ఏమీ లేదని, లోపల ఒక ఆనందం నిండిందని రాశాడు. అది చదివినప్పుడు నా మెడ వెనక వెచ్చదనం గుర్తొచ్చింది.

2005 ఆగస్టు 14న సైప్రస్‌లో లార్నకా నుంచి బయల్దేరిన హీలియోస్ బోయింగ్ 737 కథ ఇంకా ఘోరం. క్యాబిన్ ఒత్తిడి చూసే స్విచ్చి ఆటోమేటిక్‌లో కాక మాన్యువల్‌లో ఉండిపోయింది. పైకి పోతుంటే హారన్ మోగింది. నేల మీద టేకాఫ్‌కు విమానం సిద్ధంగా లేకపోతే మోగేదీ అదే హారన్. పైలట్లు అదే అనుకున్నారు. రేడియోలో ఇంజినీరుతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. విమానం 34,000 అడుగులకు చేరి ఏథెన్స్ దగ్గర గుండ్రంగా తిరుగుతూ ఉంది. పక్కకు వచ్చిన ఎఫ్-16 పైలట్లకు కాక్‌పిట్‌లోకి వచ్చిన ఒక స్టూవార్డ్ కనిపించాడు. అప్పటికి ఇంధనం అయిపోవచ్చింది. 121 మంది పోయారు.

మబ్బులో నాకు జరిగిన దానికి దగ్గరిది మన దేశంలోనే ఉంది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయికి లేచిన ఎయిరిండియా జంబో, ఎంపరర్ అశోక. సముద్రం మీద చీకటి. కెప్టెన్ ముందున్న పరికరం పాడై, విమానం సమంగా ఉన్నా కుడికి వాలినట్టే చూపించింది. ఆయన ఎడమకు తిప్పుతూ పోయారు. వెనక ఫ్లైట్ ఇంజినీరు పరికరంలో తేడా గమనించి చెప్పబోయేసరికి సమయం మించిపోయింది. 213 మందితో బాంద్రా తీరానికి అవతల సముద్రంలో కూలింది. ఆ రోజు మబ్బులో నేను పరికరాలన్నీ ఒకదానితో ఒకటి సరిచూసుకోవడం అంతకు ముందే ఈ ప్రమాదం గురించి చదివి నేర్చుకున్నదే.

కరోనా రోజుల్లో ఇంటింటా ఆక్సీమీటర్లు వచ్చాక నా అనుభవం జనానికి చెప్పడం తేలికైంది. సాచురేషన్ ఎనభైకి పడిపోయినా మంచం మీద ఫోను మాట్లాడుతూ, నాకేం బాగానే ఉన్నాను అన్నవాళ్ళను మనం చూశాం. మా బంధువు ఒకాయన అలాగే అన్నారు. ఆయన మాట కాదు, వేలికి పెట్టిన యంత్రం మాట వినండని నేను వాళ్ళబ్బాయితో గట్టిగా చెప్పాను. ఆస్పత్రికి తీసుకెళ్ళారు, బతికారు.

చిన్న విమానాలు, హెలికాప్టర్లు నడిపించే కంపెనీల వాళ్ళను నేను అడిగేది ఇదే. 10,000 అడుగుల పైన పని చేసే ప్రతి మనిషినీ, పైలట్‌నే కాదు, కెమెరా కుర్రాణ్ణి కూడా ఒక్కసారి ఆ గదిలో కూర్చోబెట్టండి. వెనక సీటువాడు ముందు సీటువాడి చేయి తోసేయవచ్చని రాతలో పెట్టండి. ఆ రోజు మా కుర్రాడు మర్యాద చూసుకుని మూడోసారి "సార్" అని పిలుస్తూ కూర్చుని ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం.

విమానంలో ప్రయాణించేవాళ్ళకు ఒక మాట. మాస్కులు జారితే ముందు మీరు పెట్టుకోండి, తర్వాత పిల్లలకు పెట్టండి అని ఎయిర్‌హోస్టెస్ చెబుతుంది. ఏ తల్లికీ ఆ మాట రుచించదు. కానీ 35,000 అడుగుల దగ్గర ఆ తల్లికి ఉన్న తెలివి అర నిమిషం. పిల్లవాడు పెనుగులాడితే ఆ అర నిమిషం దానికే సరిపోతుంది, ఇద్దరికీ మాస్కు ఉండదు. తన మాస్కు పెట్టుకున్న తల్లి బిడ్డకు తీరిగ్గా పెట్టగలదు. బిడ్డ కాసేపు స్పృహ తప్పినా ఆక్సిజన్ అందగానే తేరుకుంటాడు. ఈసారి ఆ అమ్మాయి చెబుతున్నప్పుడు ఫోను పక్కన పెట్టి వినండి.